బతుకుమాట

చెప్పులు మెట్ల మీద విడిచి, గాజులు తీసి కొంగున ముడి వేసుకుని, చేతి గడియారం బల్ల మీద పెట్టాక, అంతోనమ్మ కుచ్చిళ్ళను గుప్పెట్లోకి తీసుకుని ఒకసారి నలిపి చూసుకుంది. చప్పుడు లేదు. గంజి పెట్టని నూలుచీర, ఇరవై ఉతుకులైనా పడ్డది. పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడితే చెయ్యి కదిపినప్పుడల్లా గరగరమని వినిపిస్తుంది. ఆమె బీరువాలో పట్టుచీర ఒక్కటే ఉంది. పెళ్ళినాటిది. దాన్ని ఈస్టరుకు తీసి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేస్తుంది.

పొద్దున రెండిడ్లీలు తింది. ఒకటి తింటే కడుపు పదకొండింటికే అరవడం మొదలుపెడుతుంది. మూడు తింటే తేనుపులొస్తాయి. ఆ మైకు మహా చెడ్డది, రెండూ పట్టేస్తుంది. రెండిడ్లీల లెక్క కుదరడానికి ఆమెకు మొదట్లో ఏడాది పట్టింది. అరవై మూడేళ్ళు వచ్చినా ఇప్పటికీ రెండే.

చివరగా సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసింది. ఒకప్పుడు భర్త ఆనందకుమార్ గుండీలు పోసుకున్న డబ్బా. మూత అంచు తుప్పు పట్టింది, మీద రంగు వెలిసిపోయింది. లోపల అడుగున దూది, దూది మీద కరక్కాయ ముక్కలు. గొంతు పాడవకుండా బుగ్గన పెట్టుకోవడానికి. దూది ఎందుకంటే, ముక్కలు రేకుకు తగిలి గలగలమనకుండా. ఒక ముక్క ఎంచుకుని ఎడమ బుగ్గన పెట్టుకుని, డబ్బాతో సహా గదిలోకి వెళ్ళింది.

ఫిలింనగర్‌లో ఆ స్టూడియో ఒక ఇంటి సెల్లారులో ఉంటుంది. పైన సినిమా దుస్తులు అద్దెకిచ్చే కొట్టు. మెట్లు దిగేటప్పుడు ట్రంకుపెట్టెల పక్కన అట్ట కిరీటాలు, చెక్క కత్తులు తగులుతుంటాయి. కింద రెండు గదులు. ఒకదాంట్లో మైకు, తెర, స్క్రిప్టు పెట్టుకునే స్టాండు. రెండో గదిలో, అద్దానికి అవతల, రికార్డిస్టు శ్రీకాంత్, అతని మిషన్లు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, సిద్దిపేట వైపువాడు, మాట తక్కువ.

"నీళ్ళు పెట్టిన్నమ్మా. వేడివే" అన్నాడు శ్రీకాంత్ అద్దం అవతలి నుంచి.

"చూశాను నాన్నా" అంది అంతోనమ్మ, హెడ్‌ఫోన్ పెట్టుకుంటూ.

ఇవాళ ఆమె చావాలి. అంటే, ఆమె గొంతిచ్చే అవ్వ చావాలి. పొద్దున వెంగళరావు నగర్‌లో ఇంట్లోంచి బయలుదేరుతుంటే ఆనందకుమార్ రోజూ అడిగేదే అడిగాడు.

"ఇవాళ ఏడుపా, చావా?"

"చావు."

"అయితే వంట నాది" అని, కుట్టుమిషను తొక్కడం ఆపి తలెత్తాడు. "అవ్వేనా?"

"అవ్వే."

చావు ఉన్న రోజున వంట ఆయనది. ఇది ఆ ఇంట్లో పాత ఒప్పందం. చచ్చి వచ్చిన మనిషి చేత అన్నం వండించడం ధర్మం కాదని ఆయన వాదన. మామూలుగా నవ్వుతూ అంటాడు. ఇవాళ నవ్వలేదు. "మిరియాల చారు పెడతాలే" అన్నాడు, మళ్ళీ మిషను తొక్కకుండా ఆమె గుమ్మం దాటేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ముప్పై రెండేళ్ళ కిందట ఇద్దరూ తెనాలి నుంచి వచ్చారు. ఆయన టైలరింగు షాపులో చేరాడు. ఆమెకు పని ఒక చావు దగ్గర దొరికింది. పొరుగింటావిడ భూస్థాపనకు వెళ్ళి, సమాధుల తోటలో నిలబడి ఏడుస్తుంటే, అక్కడికి ఎవరితోనో వచ్చిన ఒక పెద్దమనిషి చివరిదాకా విని, అందరూ వెళ్తున్నప్పుడు దగ్గరికొచ్చి, "అమ్మా, మీ ఏడుపు చాలా స్పష్టంగా ఉంది. సినిమాలకు ఏడుస్తారా?" అన్నాడు. ఆనందకుమార్ అతన్ని కొట్టబోయాడు. ఆ పెద్దమనిషి సినిమాలకు గుంపు గొంతులు సరఫరా చేసేవాడని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి ఆమె గుంపులో ఒకతె. వరదలో కొట్టుకుపోతూ అరిచింది, పెళ్ళిపందిట్లో గుసగుసలాడింది, కుళాయి దగ్గర పోట్లాడింది, ఆసుపత్రిలో "డాక్టరుగారు వస్తున్నారు" అంది. శవాల మీద పడి ఎన్నిసార్లు ఏడ్చిందో, తానే ఎన్నిసార్లు చచ్చిందో లెక్క లేదు. ఏ సినిమాలోనూ ఆమెకో పేరున్న పాత్ర దక్కలేదు. తెర మీద ఆమె పేరూ పడలేదు. ఆ సంగతి ఆమెకు పెద్ద బాధ కూడా కాదు. ఇంటికి వెళ్ళి పిండి రుబ్బుకుని పడుకునేది. ఈమధ్య గుంపు పనులు కూడా పోయాయి. పాత ఏడుపులు కంప్యూటర్లో దాచుకుని వాటినే మళ్ళీ మళ్ళీ వాడుతున్నారు. టీవీలో ఏదో సీరియల్లో తను పదిహేనేళ్ళ కిందట ఏడ్చిన ఏడుపు వినిపిస్తే, "నువ్వే కదే" అంటాడు ఆనందకుమార్.

అలాంటి రోజుల్లో అవ్వ వచ్చింది.

జపానువాళ్ళ బొమ్మల సీరియల్. చీకటిగా ఉంటుంది, రక్తం ఎక్కువ. ఒక కుర్రాడికి ముసుగు తొడుక్కుంటే గొప్ప బలం వస్తుంది, ఊళ్ళను కాపాడతాడు. కానీ తొడుక్కున్నప్పుడల్లా తనకు తెలిసిన ఒక మనిషిని శాశ్వతంగా మరిచిపోతాడు. అమ్మను మరిచిపోయాడు, చెల్లెల్ని మరిచిపోయాడు. మిగిలింది పెంచిన అవ్వ ఒక్కతే. ఆ కథ ముందు ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వస్తుంది. అందుకని తెలుగు చెప్పేవాళ్ళ ఎడమ చెవిలో ఇంగ్లీషు గొంతు నడుస్తుంటుంది. సంగీతం కలపని, ఉత్త గొంతు. దాని ఊపిరి చూసుకుని, దాని వెనకే తెలుగు మాట వెయ్యాలి.

మూడేళ్ళ కిందట మొదటిరోజున అంతోనమ్మ ఒక పొరపాటు చేసింది. కంగారులో బుగ్గలోని కరక్కాయ ముక్క తీయడం మరిచిపోయి మొదటి డైలాగు చెప్పేసింది. మాట బుగ్గలో నలిగి, కొంచెం పక్కకు జారి, పళ్ళు వదులైన ముసలిదానిలా వచ్చింది. నాలుక కరుచుకుని ముక్క ఉమ్మబోతుంటే, "తీయకుండ్రి, గదే అవ్వ" అన్నాడు శ్రీకాంత్. అప్పటి నుంచి అవ్వంటే ఎడమ బుగ్గన కరక్కాయ.

ఆ పొరపాటు వల్లనే ఆమె ఇంకోటి కనిపెట్టింది. ఎడమ చెవిలో ఇంగ్లీషు చెప్పే ఆవిడ నోట్లో కూడా ఏదో ఉంది. ప్రతి మాటకు ముందు, ఊపిరి పీల్చబోయేటప్పుడు, పంటికి ఏదో తగిలి టిక్కుమంటుంది. చాలా చిన్న చప్పుడు. కట్టుడు పళ్ళనుకుంది అంతోనమ్మ. ఇంటికెళ్ళి ఆనందకుమార్‌తో చెప్పింది కూడా. "పాపం, సరిగ్గా కుదర్లేదల్లే ఉంది, మార్పించుకోవచ్చుగా" అన్నాడాయన. ఆ టిక్కు ఆమెకు గొప్ప ఆసరా అయింది. టిక్కు వినగానే తనూ ఊపిరి పీల్చేది. ఇద్దరూ ఒకేసారి పీల్చి, ఒకేసారి మాట అందుకునేవాళ్ళు. ఆవిడెవరో, ఏ ఊరో, పేరేంటో తెలియదు. జలుబు చేస్తే తెలిసేది. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి కూర్చుంటే తెలిసేది. రెండో సీజన్ చివరికొచ్చేసరికి ఆవిడ ఊపిరి పొట్టిదైపోయింది, అదీ తెలిసింది. మూడేళ్ళు ఒక మనిషి ఊపిరిని అంత దగ్గరగా అంతోనమ్మ తన భర్తది తప్ప ఇంకెవరిదీ వినలేదు.

"ఆంటీ, రెడీనా? ఇవాళ ఫినిష్ చేసేద్దాం" అన్నాడు చరణ్ తేజ, శ్రీకాంత్ పక్కన కూర్చుంటూ. తెలుగు డబ్బింగంతా చూసుకునేది అతనే. ముప్పై ఏళ్ళుంటాయి, కాఫీ మగ్గు చేతిలోంచి దించడు. చెడ్డవాడు కాదు. తొందర ఎక్కువ. సాయంత్రానికి ఎపిసోడు ముంబై పంపించాలి.

అవ్వకు ఈ ఎపిసోడులో నలభై నాలుగు డైలాగులు. చక్కగా సాగాయి. తెర మీద అవ్వ మంట పెడుతుంది, చేపలు ఆరబెడుతుంది, కుర్రాడి ముసుగును ఎక్కడ దాచాలో తెలియక బియ్యం జాడీలో పెడుతుంది. టిక్, ఊపిరి, మాట. టిక్, ఊపిరి, మాట. ముప్పై ఒకటో డైలాగు దగ్గర అవ్వ గుమ్మంలో నిలబడి, "చలిగా ఉంది, తలుపెయ్యి" అంటుంది. ఇంగ్లీషావిడకు ఆ కాస్త మాటకే మధ్యలో ఊపిరి ఆగింది. అంతోనమ్మ కూడా ఆపింది.

ముప్పై రెండో డైలాగు వచ్చింది. ఆమె టిక్కు కోసం ఆగింది. ఇంగ్లీషు మాట ముందుకు వెళ్ళిపోయింది. అంతోనమ్మ నోరు తెరవలేదు.

"మిస్ అయ్యారు ఆంటీ. ఇంకోసారి."

ఇంకోసారి కూడా ఆమె నోరు తెరవలేదు. మూడోసారి హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుని వింది. అదే ముసలి గొంతు, అదే వణుకు, అదే యాస. లోపల ఊపిరి మాత్రం పొడుగ్గా, నున్నగా, నిండుగా ఉంది.

"ఈవిడ ఆవిడ కాదు బాబూ" అంది.

చరణ్ తేజ కంప్యూటర్ తెర దగ్గరికి వంగి చూశాడు. "సేమ్ ఆర్టిస్టే ఆంటీ. మనకు చేంజ్ అని ఏం రాలేదు. ఇన్‌ఫాక్ట్ ఇక్కణ్ణుంచి వాయిస్ క్లీన్ అయింది. మీరు కూడా ఆ బుగ్గలోది తీసేసి కొంచెం క్లీన్‌గా చెప్పండి. రిఫరెన్స్‌కి మ్యాచ్ అవ్వాలి కదా."

"తీస్తే అవ్వ కాదు."

"అవ్వ చనిపోయే సీన్ ఆంటీ ఇది. మాట అర్థం కావాలి."

"మూడేళ్ళుగా అర్థం కాలేదా బాబూ?"

అతను మగ్గు కింద పెట్టాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. "పన్నెండింటికి జెరూష వస్తుంది, వేరే క్యారెక్టర్‌కి. ముసలివాళ్ళకు బాగా చెప్తుంది. మీకు కష్టంగా ఉంటే మిగిలిన పదమూడూ తనతో చెప్పించేస్తాను. తప్పుగా అనుకోకండి."

ముప్పై రెండేళ్ళలో అంతోనమ్మ ఏ స్టూడియోలోనూ కాదు, కుదరదు అనలేదు. ఎలా అరవమంటే అలా అరిచింది. ఏ పక్కకు తిరిగి చావమంటే ఆ పక్కకు తిరిగి చచ్చింది. ఇన్ని చావుల్లో మొదలు నుంచి చివరిదాకా తనదైన మనిషి ఈ అవ్వ ఒక్కతే. దాన్ని నిండా బతికించి, ఆఖరి ఊపిరి ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్ళమంటున్నారు. ఆ ఆలోచనే ఆమెకు భరించరానిదిగా ఉంది. అయినా ముక్క తీయాలని చెయ్యి లేవలేదు. హెడ్‌ఫోన్ కొక్కేనికి తగిలించి, బయటికొచ్చి, మెట్ల కింద అట్ట కిరీటాల పక్కన స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

లోపల శ్రీకాంత్ ముప్పై ఒకటి, ముప్పై రెండు పక్కపక్కన పెట్టి విన్నాడు. ఒకసారి కాదు, ఏడెనిమిదిసార్లు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "సార్, జర వినుండ్రి" అని తన హెడ్‌ఫోన్ చరణ్ తేజకిచ్చాడు. "ముప్పై ఒకటి దాంక మాట ముంగట టిక్కుమని ఒస్తుంది. ముప్పై రెండుల లేదు. ఆడికెళ్ళి ఒక్కదాంట్ల గూడ లేదు. నాక్కూడ ఇన్ని దినాలు తెల్వలే."

చరణ్ తేజ విన్నాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. ఫోను తీసుకుని మెట్లెక్కి, స్టూలు పక్కనుంచే పైకి వెళ్ళాడు.

కబురు రావడానికి రెండు గంటలు పట్టింది. ముంబై ఆఫీసులో ఉన్న అమ్మాయి ఇంగ్లీషువాళ్ళకు రాయాలి, వాళ్ళు చూసి చెప్పాలి. ఈలోపు అంతోనమ్మ టిఫిన్ డబ్బా విప్పి, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని మూత పెట్టేసింది. జెరూష వచ్చి, "బాగున్నారా ఆంటీ" అని పలకరించి, విషయమేంటో తెలియక పక్కనే కూర్చుని ఫోను చూసుకుంది. మంచి పిల్ల. గొంతూ మంచిదే. దాని మీద కోపం తెచ్చుకుందామన్నా అంతోనమ్మకు రాలేదు.

చరణ్ తేజ మెట్లు దిగి వచ్చాడు. ఆమె ముందు నిలబడి, ఆ తర్వాత ఏమనుకున్నాడో, ఒక ట్రంకుపెట్టె మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు చెప్పిందే కరెక్ట్ ఆంటీ. ఆవిడ పోయిన జనవరిలో చనిపోయారట. ఈ ఎపిసోడ్ సగంలో ఉండగా. డెబ్బై నాలుగేళ్ళు. పొద్దున రికార్డింగ్ చేసి ఇంటికి వెళ్ళారు, మర్నాడు రాలేదు. మిగిలింది ఇంకొకావిడ అదే గొంతులా చెప్పారు. బయటికి తెలియనివ్వలేదు. మీరు పాతగొంతు లాగే చెప్పండి అన్నారు. ముక్క తీయక్కర్లేదు. సారీ ఆంటీ" అన్నాడు.

తనకు కావలసింది దొరికింది. అంతోనమ్మకు సంతోషం కలగలేదు. జనవరి నుంచి ఇప్పటికి ఆరు నెలలు. ఈ ఆరు నెలలూ చనిపోయిన మనిషి పీల్చిన ఊపిరి చూసుకుని తను ఊపిరి పీలుస్తూ వచ్చింది.

"పేరేంటి బాబూ?" అంది.

"ఎడ్నా అట."

"ఎడ్నా" అని ఆమె ఒకసారి పలికి చూసుకుంది. లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి వెళ్ళి శ్రీకాంత్ కుర్చీ పక్కన నిలబడింది. ఆ గదిలోకి ఆమె మామూలుగా రాదు. మైకువాళ్ళు మైకు దగ్గర, మిషనువాళ్ళు మిషను దగ్గర.

"శ్రీకాంత్, ఆవిడ ఆఖరున ఏం చెప్పింది?"

"ముప్పై ఒకటే కదమ్మా. చలిగ ఉంది, తలుపెయ్యి."

"దాని తర్వాత?"

ఆమె ఎందుకడుగుతోందో శ్రీకాంత్‌కు అర్థమైంది. చరణ్ తేజకు కాలేదు.

బతుకుమాట పద్ధతి పెట్టింది బాలనర్సయ్య. శ్రీకాంత్‌కు పని నేర్పినవాడు, అదే కుర్చీలో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాడు. తెర మీద చచ్చిన మనిషిని ఆయన అలాగే బయటికి పోనిచ్చేవాడు కాదు. "మైకు ముంగట చచ్చినోళ్ళు గట్లనే ఇంటికి పోవద్దమ్మా. ఒక్క బతుకుమాట చెప్పి పోండ్రి" అనేవాడు. రికార్డింగు ఆపకుండా కూర్చునేవాడు. చచ్చినవాళ్ళు మైకులో ఏదో ఒక మామూలు మాట అనాలి. టీ వచ్చిందా అనో, బయట వాన పడుతోందా అనో. ఆయన అవతలి నుంచి దానికి బదులు చెప్పాలి. వచ్చింది, పడుతుంది అనాలి. బదులు వినిపించాకే తలుపు తెరుచుకునేది. ఎందుకని అడిగితే చెప్పలేదు. పెద్ద హీరోలకు గొంతిచ్చినవాళ్ళు కూడా నవ్వుకుంటూనే చెప్పి వెళ్ళేవారు. అంతోనమ్మ ప్రతిసారీ ఒకటే అడిగేది, "నర్సయ్యా, మోకాలు ఎలా ఉంది?" అని. "గట్లనే ఉందమ్మా" అనేవాడు. కరోనా రెండో ఏడు బాలనర్సయ్య పోయాడు. పద్ధతి శ్రీకాంత్ దగ్గర మిగిలింది.

"డైలాగుల నడుమ ఉన్న ఖాళీ నేనే కోసేస్తనమ్మా, జల్ది అయితదని" అన్నాడు శ్రీకాంత్. "అసలు ఫైలు ఉంది. చూస్త."

ముప్పై ఒకటో డైలాగు చివర పట్టుకుని, కోసిన ఖాళీని మళ్ళీ సాగదీశాడు. స్పీకర్లో వేశాడు. ముగ్గురూ విన్నారు.

చలిగా ఉంది, తలుపెయ్యి, అని ఇంగ్లీషులో. తర్వాత ఒక దగ్గు. కుర్చీ కిర్రుమంది. గొంతు మైకుకు దూరమైంది. కాగితం విప్పుతున్న చప్పుడు, చిన్నది. టిక్. అవ్వ గొంతు కాదు, ఆవిడ సొంత గొంతు, అంతోనమ్మ ఎప్పుడూ విననిది, సన్నగా సరదాగా ఏదో అడిగింది. అంతే. అక్కడ ఆగిపోయింది.

"ఏమంటోంది?"

"ఎవరికైనా పిప్పరమెంటు బిళ్ళ కావాలా, అని" అన్నాడు చరణ్ తేజ, తల దించుకుని.

కట్టుడు పళ్ళు కాదు. పిప్పరమెంటు బిళ్ళ. అంతోనమ్మకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు నిండిపోయాయి. గొంతు కోసం తను కరక్కాయ పెట్టుకున్నట్టే, ఎక్కడో ఆ చలిదేశంలో ఆవిడ పిప్పరమెంటు పెట్టుకుంది. మూడేళ్ళూ పెట్టుకుంది. బతుకుమాట తనంతట తనే చెప్పి వెళ్ళింది, ఎవరూ చెప్పమనకుండానే.

"ఎవరైనా తీసుకున్నారా?"

శ్రీకాంత్ మళ్ళీ వేశాడు. చివర చెవి పెట్టి విన్నాడు. "బదులు లేదమ్మా. ఆడికే బంద్ చేసిన్రు."

ఆమె తలూపింది. మైకు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, డబ్బాలోంచి కొత్త ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది.

మిగిలిన పదమూడు డైలాగులూ ఆమె ఎడమ చెవి ఖాళీగానే చెప్పింది. కొత్తావిడ గొంతును శ్రీకాంత్‌తో పూర్తిగా తగ్గించేయమంది. "మరెట్ల పట్టుకుంటరు?" అన్నాడతను. "పట్టుకుంటాలే" అంది. తెర మీద అవ్వ పెదవులు కదలబోయే ముందు, ఎక్కడ టిక్కుమనాలో ఆమెకు తెలుసు. అక్కడ ఊపిరి పీల్చింది. పొట్టిగా, సగమే. ఆవిడ ఎక్కడిదాకా పీల్చగలిగేదో అక్కడిదాకానే.

చివరి సీను. కుర్రాడు ముసుగు తొడుక్కుని ఊరిని కాపాడి వస్తాడు. గుమ్మంలో పడి ఉన్న అవ్వను చూసి ఈ ముసలామె ఎవరని అడుగుతాడు. తనను మరిచిపోయాడని అవ్వకు తెలుస్తుంది. కోపపడదు, తానెవరో చెప్పదు. "నువ్వెళ్ళు నాన్నా. లైటు వేసే ఉంచాను" అంటుంది.

అంతోనమ్మ ఆ మాట చాలా మెల్లగా అంది. ఏడుపు పెట్టలేదు. ఆమెను ఈ పనిలోకి తెచ్చిన ఏడుపు, ముప్పై రెండేళ్ళు అన్నం పెట్టిన ఏడుపు, ఇప్పుడు గొంతులోనే ఉంది, దాన్ని బయటికి రానివ్వలేదు. ఉంచాను అన్నాక ఒక ఊపిరి వదిలింది. తిరిగి పీల్చలేదు. తెర మీద అవ్వ చెయ్యి జారింది. బొమ్మ నల్లగా అయిపోయింది.

చరణ్ తేజ మగ్గు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. అతను నోరు తెరవబోతే శ్రీకాంత్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. రికార్డింగు నడుస్తోంది. శ్రీకాంత్ బతుకుమాట కోసం ఎదురుచూస్తున్నాడు.

అంతోనమ్మ స్టాండు అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత మైకుకు దగ్గరగా జరిగి, అవ్వ గొంతుతో కాదు, తన గొంతుతో, ఎదురుగా ఉన్న మనిషిని అడిగినట్టు అంది.

"నాకొకటి ఇవ్వండి ఎడ్నాగారూ."

శ్రీకాంత్ మైకు గదిలోకి మాట్లాడే బటను నొక్కాడు. బదులు అతనే చెప్పాలి.

"తీస్కోండ్రి అమ్మా" అన్నాడు.

ఎర్రదీపం ఆరింది. తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చి ఆమె గడియారం పెట్టుకుంది, ముడి విప్పి గాజులు తొడుక్కుంది. చరణ్ తేజ తెర మీద వేయడానికి ఆమె పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలని అడిగాడు. ఇంగ్లీషువాళ్ళు ఈసారి అందరి పేర్లూ పంపమన్నారట. ఆమె ఒక్కో అక్షరం చెప్పి రాయించింది. మళ్ళీ ఎప్పుడు రావాలో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అవ్వ లేదు, గుంపు పనులు లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మెట్ల దగ్గర ఫోను తీసి ఇంటికి చేసింది.

"అయిపోయిందండీ."

"బాగా చచ్చావా?" అన్నాడు ఆనందకుమార్. వెనక తిరగమోత చప్పుడు వినిపిస్తోంది.

"బాగానే. ఆవిడవి కట్టుడు పళ్ళు కాదండీ. వచ్చాక చెప్తాను" అంది.

"రా మరి. చారు చల్లారిపోతుంది."

శ్రీకాంత్ గుమ్మందాకా వచ్చాడు. "అమ్మా, డబ్బా మరిచిన్రు. తెచ్చిస్త ఉండ్రి."

"మరిచిపోలేదు నాన్నా. ఉండనీ" అంది అంతోనమ్మ. "ఎవరికైనా గొంతు పట్టేస్తే పనికొస్తుంది. దూది మాత్రం తీయకు, చప్పుడవుతుంది."

చెప్పులు తొడుక్కుని, అట్ట కిరీటాల పక్కనుంచి మెట్లెక్కింది. చెక్‌పోస్టు దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి మధురానగర్ దాకా మెట్రో. ఎండ ఇంకా ఉంది. శ్రీకాంత్ ఆమె పైమెట్టు దాటేదాకా చూసి, లోపలికొచ్చి మిషన్లు ఒక్కొక్కటే కట్టేశాడు. మైకు గదిలో లైటు ఆర్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్టాండు మీద, స్క్రిప్టు చివరి కాగితం పక్కన, రేకు డబ్బా ఉంది. మూత తీసే ఉంది.